క్వాడ్ బైకు వెనక యాక్సిల్ బేరింగులను ఇంట్లోనే మార్చుకోవచ్చా?

ప్రశ్న

నమస్కారం. నా దగ్గర చైనుతో నడిచే స్పోర్ట్స్ రకం క్వాడ్ బైకు (నాలుగు చక్రాల బండి) ఉంది. ఈ మధ్య మలుపు తిప్పుతున్నప్పుడు వెనక భాగం పట్టు తప్పినట్టు అనిపిస్తోంది, నెమ్మదిగా నడిపితే కింది నుంచి గరగరమనే చప్పుడు వినిపిస్తోంది. వెనక భాగాన్ని జాకీతో లేపి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే లూజు చేతికి స్పష్టంగా తెలుస్తోంది. బ్రేక్ డిస్కు వైపు సీలు కింద తుప్పు రంగు నీరు కారిన చార కూడా ఉంది. మామూలు పానాలు, సాకెట్లు, సుత్తి నా దగ్గర ఉన్నాయి గానీ ప్రెస్సు మిషను లేదు. ఉన్న పనిముట్లతోనే ఈ పని చేసుకోగలనా? బేరింగులతో పాటు ఇంకా ఏమేమి తెప్పించుకోవాలి?

మొదటి జవాబు

చేసుకోగలరు. అయితే ఏదైనా విప్పే ముందు ఆ లూజు ఎక్కడుందో తేల్చుకోండి, ఎందుకంటే చక్రం ఊగడానికి బేరింగు ఒక్కటే కారణం కానక్కరలేదు. ఈ రకం బళ్ళలో వెనక చక్రాలు రెండింటికీ కలిపి ఒకే యాక్సిల్ (ఇరుసు) ఉంటుంది, రెండు చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ మధ్యలో ఉండదు. ఫ్రేము నుంచి వెనక్కి వచ్చి పైకీ కిందికీ ఊగే స్వింగ్ ఆర్మ్ చివర బిగించిన క్యారియర్ అనే గుండ్రటి గూడు ఆ యాక్సిల్‌ను మోస్తుంది, బేరింగులు ఆ గూటి లోపలే ఉంటాయి. ఇంజను ఆపేసి, బండిని స్టాండ్ల మీద కదలకుండా నిలబెట్టి, ఇంకొకరిని చక్రం ఊపమని చెప్పి, మీరు ఒక్కో అతుకు మీద వేలు పెట్టి చూడండి.

చక్రం కదులుతున్నా యాక్సిల్ కదలడం లేదంటే చక్రాన్ని యాక్సిల్‌కు బిగించే హబ్బు నట్టు వదులై ఉండాలి, లేదా హబ్బు లోపలి స్ప్లైన్లు (పళ్ళ లాంటి గాడులు) అరిగి ఉండాలి. యాక్సిల్ కదులుతూ క్యారియర్ నిలకడగా ఉంటే బేరింగులు పోయినట్టే. క్యారియరే స్వింగ్ ఆర్మ్‌లో కదులుతోందంటే, చైను బిగువు సవరించాక దాని బోల్టులను పూర్తిగా బిగించలేదన్నమాట. స్వింగ్ ఆర్మ్ మొత్తం పక్కలకు ఊగుతుంటే, అది ఫ్రేముకు కలిసే చోట ఉన్న పివట్ బేరింగులను చూడాలి. తుప్పు చార గురించి మీరు రాసినదాన్ని బట్టి నా అనుమానం కూడా యాక్సిల్ బేరింగుల మీదే ఉంది, కానీ కాసేపట్లో అయిపోయే ఈ పరీక్షను వదిలేసి అంతా ఊడదీయడం తెలివైన పని కాదు.

రెండో జవాబు

బేరింగులు రెండూ మార్చండి, ఒక వైపుది మాత్రమే పోయినట్టు కనిపించినా సరే. వాటితో పాటు రెండు సీళ్ళు, మీ మోడలుకు ఉంటే ఓ రింగులు, హబ్బు నట్లు తిరిగి ఊడకుండా ఆపే కొత్త కాటర్ పిన్నులు, మర వదులు కాకుండా పట్టి ఉంచే థ్రెడ్ లాకర్ తెప్పించుకోండి. బేరింగు కొలత సర్వీసు మాన్యువల్లో గానీ పాత బేరింగు అంచు మీద గానీ దొరుకుతుంది. ఉదాహరణకు 6007 అని ఉంటే చివరి రెండంకెలను 5తో గుణిస్తే లోపలి రంధ్రం 35 మిల్లీమీటర్లని తెలుస్తుంది, బయటి వ్యాసం 62, మందం 14 మిల్లీమీటర్లు ఉంటాయి. 2ఆర్‌ఎస్ అంటే రెండు వైపులా రబ్బరు మూత ఉన్నదని అర్థం. బురదలో తిరిగే బండికి అలాంటివే వేయాలి.

యాక్సిల్ మీది పెద్ద నట్లను చక్రాలు నేల మీద ఉండగానే, ఒకరు బ్రేకు నొక్కి పట్టుకుని ఉండగా వదులు చేయడం సులువు. చాలా బళ్ళలో అవి ఒకదానికొకటి ఎదురుగా బిగించిన జంట నట్లు, పైగా థ్రెడ్ లాకర్ పూసి ఉంటాయి కనుక మొండికేస్తాయి. వేడి చేస్తే ఆ లాకర్ మెత్తబడుతుంది, అయితే పక్కనే ఉన్న రబ్బరు భాగాలకు మంట తగలనివ్వకండి. తరువాత ఫ్రేము కింద స్టాండ్లు పెట్టి, చక్రాలు, హబ్బులు తీసి, చైను వదులు చేసి, బ్రేక్ డిస్కును నొక్కి పట్టే కేలిపర్‌ను విప్పి తీగతో ఫ్రేముకు కట్టండి. దాని బరువు బ్రేకు గొట్టం మీద పడకూడదు.

యాక్సిల్‌ను బయటికి కొట్టేటప్పుడే చాలామంది దాన్ని పాడు చేస్తారు. ఇనుప సుత్తితో నేరుగా కొట్టారంటే మరలు నలిగిపోయి నట్టు మళ్ళీ ఎక్కదు. చివర నట్టును యాక్సిల్ అంచుతో సమంగా వచ్చేదాకా తిప్పి, దాని మీద మందమైన చెక్క పెట్టి కొట్టండి. యాక్సిల్ మీద మెట్టు ఏ వైపున ఉందో ఆ వైపుకే అది బయటికి వస్తుంది, రెండో వైపు నుంచి ఎంత కొట్టినా రాదు. బేరింగు లోపలి రేసుకూ (లోపలి ఉక్కు వలయానికీ) యాక్సిల్‌కూ మధ్య తుప్పు పట్టి బిగుసుకుని ఉంటే, తుప్పు వదిలించే నూనె పోసి రాత్రంతా వదిలేసి, మర్నాడు ప్రయత్నించండి.

సీళ్ళు పెకలించాక, బేరింగును పట్టి ఉంచే సర్‌క్లిప్ అనే స్ప్రింగు వలయం లోపల ఉంటే ముందు దాన్ని తీయండి. రెండు బేరింగుల మధ్య ఉండే స్పేసర్ గొట్టాన్ని కడ్డీతో కాస్త పక్కకు నెడితే, అవతలి బేరింగు లోపలి రేసు అంచు సన్నని నెలవంకలా బయటపడుతుంది. అక్కడ కడ్డీ ఆనించి, ఒక దెబ్బ ఇటు, ఒక దెబ్బ అటు వేస్తూ బేరింగు వంకర పోకుండా బయటికి నడిపించండి. కంటి రక్షణకు వాడే కళ్ళద్దాలు పెట్టుకోకుండా ఈ పని మొదలుపెట్టవద్దు, గట్టి ఉక్కు మీద దెబ్బ పడితే పెచ్చు ఎగిరి కంట్లో పడే ప్రమాదం ఉంది. ఒక్కోసారి లోపలి రేసు, గుండ్లు ఊడి వచ్చి బయటి రేసు మాత్రం గూట్లోనే ఉండిపోతుంది. వెల్డింగ్ చేసేవారు దాని లోపలి అంచు చుట్టూ ఒక వరస వెల్డు వేస్తే, చల్లారేటప్పుడు అది ముడుచుకుని తేలికగా ఊడి వస్తుంది.

కొత్తవి ఎక్కించడానికి ప్రెస్సు అవసరం లేదు. క్యారియర్ అల్యూమినియందయితే పని ఇంకా సులువు, ఎందుకంటే వేడికి అల్యూమినియం ఉక్కు కన్నా దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. 62 మిల్లీమీటర్ల గూటిని మరుగుతున్న నీటి వేడికి తెస్తే సుమారు 0.1 మిల్లీమీటరు పెరుగుతుంది. బేరింగులను రాత్రంతా ఫ్రీజరులో ఉంచి, గూటిని హీట్ గన్‌తో వేడి చేస్తే చాలా వరకు చేతి ఒత్తిడితోనే కూర్చుంటాయి. కొట్టవలసి వస్తే బయటి రేసు మీదే, దానికి సరిపోయే సాకెట్ పెట్టి కొట్టాలి. లోపలి రేసు మీద కొడితే ఆ దెబ్బంతా గుండ్ల గుండా పోయి, కొత్త బేరింగులో మొదటి రోజే గుంటలు పడతాయి. బేరింగు అడుగుకు చేరగానే దెబ్బ చప్పుడు మారుతుంది, బోలు శబ్దం పోయి గట్టిగా ఖంగుమంటుంది. అక్కడ ఆపేయండి. రెండో బేరింగు ఎక్కించే ముందు స్పేసర్‌ను లోపల పెట్టారో లేదో చూసుకోండి. యాక్సిల్ తిరిగి దూర్చే ముందు సీళ్ళ పెదవులకు గ్రీజు రాయండి.

మూడో జవాబు

పై వివరాలన్నీ చైను బళ్ళకే. షాఫ్టుతో నడిచి, వెనక చక్రాలకు విడివిడిగా సస్పెన్షన్ ఉన్న యుటిలిటీ బళ్ళలో బేరింగులు చక్రం దగ్గర నకుల్ అనే గూట్లో ఉంటాయి, విప్పే క్రమం వేరు. ఇంకో మాట: వేగంగా నీళ్ళు చిమ్మే ప్రెషర్ వాషర్‌తో కడిగేటప్పుడు నీటిధారను సీలు మీదికి తిప్పకండి. ఇన్ని బేరింగులు తుప్పు పట్టడానికి నా దృష్టిలో బురద కన్నా ఆ అలవాటే పెద్ద కారణం.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. పరీక్షలో క్యారియర్ నిలకడగా ఉండగా యాక్సిలే కదిలింది, అందుకని విప్పాను. డిస్కు వైపు బేరింగు రబ్బరు మూత చిరిగి ఉంది, గుండ్లు ఎర్రగా తుప్పు పట్టాయి. బేరింగు కూర్చునే చోట యాక్సిల్ మీద మెరిసే పట్టీ ఒకటి కనిపిస్తోంది గానీ గోరుకు తగలడం లేదు. స్పేసర్ ఒక చివర మాత్రం నలిగి పుట్టగొడుగులా విచ్చుకుంది. ఆకురాయితో సమం చేసి అదే వాడవచ్చా?

రెండో జవాబిచ్చినవారు

గోరుకు గాడి తగలకపోతే, కొత్త బేరింగు ఊగకుండా జారి కూర్చుంటే యాక్సిల్ బాగున్నట్టే. స్పేసర్ విషయంలో మాత్రం రాజీ పడకండి. నట్లు బిగించినప్పుడు ఆ బలమంతా లోపలి రేసుల మీదుగా స్పేసర్‌కు చేరుతుంది, బయటి రేసులేమో గూటిలోని మెట్లకు ఆని ఉంటాయి. స్పేసర్ పొట్టిదైతే లోపలి రేసులు ఒకదాని వైపు ఒకటి లాగబడి, గుండ్లు పక్కకు ఒరుసుకుంటూ వేడెక్కి, కొత్త బేరింగులు కూడా త్వరగానే పోతాయి. మీ పాతవాటికి నీటితో పాటు ఇది కూడా తోడై ఉండవచ్చు. పక్కలకు విచ్చుకున్న అంచును గీకి తీసేయవచ్చు గానీ పొడవు తగ్గకూడదు. గూటిలోని రెండు మెట్ల మధ్య దూరాన్నీ స్పేసర్ పొడవునూ వెర్నియర్‌తో కొలవండి. స్పేసర్ ఏమాత్రం పొట్టిగా ఉన్నా కొత్తది వేయండి.

అంతా బిగించాక, చైనూ కేలిపరూ తగిలించకముందే యాక్సిల్‌ను చేత్తో తిప్పి చూడండి. నట్లు బిగించక ముందు ఎంత తేలికగా తిరిగిందో మాన్యువల్లో ఇచ్చిన టార్కుకు (బిగింపు బలానికి) బిగించాక కూడా అంతే తేలికగా తిరగాలి. బిగుసుకుంటే స్పేసర్ పొట్టిదయినా అయి ఉండాలి, బేరింగు అడుగుకు చేరకపోయినా ఉండాలి, మళ్ళీ విప్పక తప్పదు. తేలికగా తిరిగితే చైను బిగువు సవరించి, డిస్కు మీద గ్రీజు మరకలు లేకుండా తుడిచి, బ్రేకు గట్టిగా పట్టేదాకా లీవరు నొక్కి, కొద్ది దూరం నడిపి వచ్చాక నట్లను మరోసారి టార్క్ పానాతో సరిచూడండి.