గ్రైండింగ్, బ్యాటరీ పనులకు ఏ రక్షణ కళ్లజోడు కొనాలి?

ప్రశ్న (ఆటోనగర్, విజయవాడ):
నమస్కారమండి. మా షెడ్డులో లేత్ పనితో పాటు యాంగిల్ గ్రైండర్‌తో ఇనుము కోయడం, అప్పుడప్పుడు లారీ బ్యాటరీలలో ఆసిడ్ నింపడం జరుగుతుంటాయి. నాకూ మరో కుర్రవాడికీ చూపు కోసం పవర్ కళ్లజోళ్లు ఉన్నందున వాటితోనే నెట్టుకొస్తున్నాము. అవి సరిపోతాయా? మిగతావారికి కొన్న సేఫ్టీ గ్లాసులు చెమటకు మసకబారుతున్నాయని తీసేస్తున్నారు, పైగా త్వరగా గీతలు పడుతున్నాయి. తెలిసినవారు చెప్పగలరు.

సమాధానం 1 (ఫ్యాబ్రికేషన్ సూపర్‌వైజర్, గుంటూరు):
పవర్ కళ్లజోడును దయచేసి రక్షణగా లెక్కించకండి. గ్రైండింగ్ చక్రం ముక్క వచ్చి తగిలితే ఆ అద్దమే పగిలి కంట్లో గుచ్చుకోవచ్చు, పక్కల నుంచి దూరే నలుసును అది ఎలాగూ ఆపదు. మీరిద్దరూ దాని మీద పట్టే గాగుల్స్ (కళ్ల చుట్టూ ముఖానికి ఆనుకుని మూసేసే రకం) వాడండి, లేదా మీ పవర్‌తోనే పాలికార్బొనేట్ అనే గట్టి ప్లాస్టిక్ సేఫ్టీ గ్లాసులు చేయించుకోండి.

కొనేటప్పుడు ధరకంటే ముందు ముద్ర చూడాలి. మన దేశ ప్రమాణం ఐఎస్ 5983, అమెరికా రకాలపై జడ్87+, ఐరోపా రకాలపై ఈఎన్ 166 అని ఉంటుంది. ఈఎన్ 166లో ఎఫ్ అంటే సెకనుకు 45 మీటర్ల వేగంతో వచ్చే 6 మిల్లీమీటర్ల ఉక్కు గుండును, బి అంటే 120 మీటర్ల వేగంతో వచ్చేదాన్ని తట్టుకున్నదని అర్థం. మామూలు కళ్లజోడు ఆకారంలోనివి ఎఫ్ స్థాయిని దాటవు కాబట్టి, గ్రైండర్ దగ్గర బి ముద్ర ఉన్న గాగుల్స్ పెట్టుకుని, వాటిపైన ఫేస్ షీల్డ్ కూడా వేసుకోవాలని నా గట్టి అభిప్రాయం.

సమాధానం 2 (బ్యాటరీ మెకానిక్, విజయవాడ):
ఆసిడ్ పనికి సేఫ్టీ గ్లాసులు చాలవండి, చుక్క అంచుల సందులోంచి లోపలికి జారుతుంది. గాలి వంపు తిరిగి వెళ్లే రంధ్రాలున్న గాగుల్స్ తీసుకోండి. తిన్నగా తెరుచుకున్న రంధ్రాలున్నవి గ్రైండింగ్‌కు పనికివచ్చినా ఆసిడ్‌కు పనికిరావు. అయినా కంట్లో పడితే కనీసం 15 నిమిషాలు ధారగా మంచినీళ్లతో కడిగి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండి. గ్రీజు మరకలు పోవడానికి మావాళ్లు థిన్నర్‌తో తుడుస్తున్నారు. గీతలకు అదేనా కారణం?

సమాధానం 1 రాసినవారు:
థిన్నర్ గీతలకంటే పెద్ద హాని చేస్తుంది. అది తగిలిన పాలికార్బొనేట్‌లో సన్నని పగుళ్లు పుట్టి, పైకి బాగానే ఉన్నట్టు కనిపిస్తూనే బలం కోల్పోతుంది కనుక, అలా తుడిచిన జతలన్నీ మార్చేయండి. గీతలకు అసలు కారణం దుమ్ము మీద పొడిగుడ్డ రుద్దడం: ఇనుప రజను గుడ్డతో పాటు అద్దాన్ని గీరేస్తుంది. ముందు నీళ్లు పోసి రజను కడిగి, చుక్క సబ్బునీటితో వేళ్లతో తడిమి, మెత్తని నూలుగుడ్డతో అద్దండి. మసకకు యాంటీ ఫాగ్ పూత ఉన్నవే కొనండి, గట్టిగా రుద్దితే ఆ పూత కూడా పోతుంది. ఎవరి జత వారికే ఇచ్చి, పనిముట్ల డబ్బాలో కాక సంచిలో పెట్టించండి. గట్టి దెబ్బ తగిలిన జతను మాత్రం పగులు కనిపించకపోయినా మళ్లీ వాడనివ్వకండి.