మూడేళ్ల పాప బరువు పెరగాలంటే ఏం పెట్టాలి?

బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. పాపకి 3 ఏళ్లు నిండాయి, బరువు 10.5 కిలోలే. ఈ వయసు ఆడపిల్లలు సగటున 14 కిలోలకు దగ్గరగా ఉంటారట. రక్తపరీక్షలు బాగానే ఉన్నాయి. రోజుకి మూడు గ్లాసుల పాలతోనే ఆకలి చచ్చిపోతోందని, పాలు తగ్గించి కొంచెం కొంచెంగా ఐదారుసార్లు పెట్టమన్నారు డాక్టరుగారు.

పెట్టడం సరే, తినాలి కదా! పప్పన్నం ముద్ద బుగ్గన పెట్టుకుని అరగంట అలాగే కూర్చుంటుంది. గుడ్డులో తెల్లసొన తీసి నా చేతిలో పెడుతుంది. అత్తమ్మ అనంతపురం నుంచి పంపిన రాగిపిండితో జావ కాస్తే రెండు చెంచాలు, అంతే. పల్లీలు గొంతుకి అడ్డం పడతాయని పొడి కొట్టి, నెయ్యితో దోసె మీద చల్లుతున్నా. అదొక్కటే ఇష్టంగా తింటోంది.

ఇలా దోసెలో, ఇడ్లీలో కలిసిపోయేవి ఇంకేమున్నాయి? ప్లేస్కూల్ డబ్బాలోకి చల్లారినా బాగుండేవి చెప్పండి. సున్నుండలు బెల్లం తగ్గించి చేస్తే ఉండ కడతాయా?