వానల్లో మందు మొక్కల సేకరణ: బూజు, నల్లేరు, నేల ఉసిరి చిక్కులు

మన్యంబాట:
పాడేరు వైపు మందు మొక్కల మీద ఎమ్మెస్సీ ప్రాజెక్టు. పేపర్ల మధ్య అదిమి ఆరబెట్టే ప్రెస్‌లో పెట్టిన మొక్కలు రెండో రోజుకే బూజు పడుతున్నాయి, నల్లేరు కణుపుల దగ్గర ఊడిపోతోంది. పైగా కామెర్లకని ఒక్కో ఊళ్లో చూపించిన నేల ఉసిరి ఒకే మొక్కలా లేదు. జాబితాలో ఏ పేరు రాయాలండీ?

తంగేడు:
తడి పేపరు అలాగే ఉంచేస్తే బూజు తప్పదు. మొదటి మూడు రోజులూ పొద్దున, సాయంత్రం మార్చండి, తర్వాత రోజుకోసారి చాలు. ఐదారు మొక్కలకో ముడతల అట్ట పెడితే మధ్యలో గాలి ఆడుతుంది. తడి పోయేకొద్దీ కట్ట వదులవుతుంది, బెల్టు రోజూ బిగించకపోతే ఆకులు ముడుచుకుంటాయి.

ఎండ పొడే లేని రోజుల్లో స్పిరిట్ మేలు. మొక్కల్ని పేపర్లో మడిచి కట్టగట్టి, మందపాటి పాలిథిన్ సంచిలో పెట్టి, 60–70 శాతం ఆల్కహాలు పేపరంతా తడిసేలా పోసి, మూతి టేపుతో మూసేయండి. వారాల తరబడి ఆగుతాయి, తిరిగొచ్చాక ఆరబెట్టుకోవచ్చు. పూల రంగు పోతుంది, ముందే రాసుకోండి. చీటీ మీద పెన్సిలే వాడాలి, పెన్ను సిరా కరిగిపోతుంది. డీఎన్ఏ కావాలంటే స్పిరిట్ తగలకముందే చిన్న ఆకు ముక్క తీసి, దాని బరువుకి పదింతల సిలికా జెల్‌లో (తేమ పీల్చే గుళికలు) వేయండి.

నల్లేరు ప్రెస్‌లోనూ బతికే ఉంటుంది, అందుకే కణుపులు విడిపోతాయి. పూలు తగలకుండా కాండాన్ని మరిగే నీళ్లలో ఒక నిమిషం ముంచి, తుడిచి, నిలువునా చీల్చి పెట్టండి.

ఆకుపసరు:
నేల ఉసిరికి 10ఎక్స్ (పదింతలు చూపే) లెన్సు కావాలి. కాయ నున్నగా, రక్షక పత్రాలు 5, ఒకే ఆకు మొదట్లో మగ పువ్వూ ఆడ పువ్వూ కలిసి ఉంటే ఫిల్లాంథస్ అమారస్. కాయ మీద గరుకు బొడిపెలుండి, కాడ దాదాపు లేకుండా కొమ్మకి అంటుకుని ఉంటే ఫిల్లాంథస్ యూరినేరియా. కాయ నున్నగానే ఉండి రక్షక పత్రాలు 6 ఉంటే ఫిల్లాంథస్‌లోనే ఫ్రాటర్నస్, డెబిలిస్ వైపు చూడండి. పువ్వూ కాయా లేని కొమ్మ తెచ్చుకుంటే ఇందులో ఏదీ తేలదు.

ఊరి వైద్యుడు చూపించిన చెట్టు నుంచే మూడు నాలుగు ముక్కలు కోసి, అన్నిటికీ ఒకే సేకరణ సంఖ్య వేయండి. పుస్తకంలో ఆ సంఖ్య పక్కనే ఊరి పేరు, వాడే భాగం, తయారీ రాయాలి. "గుప్పెడు ఆకు" అంటే ఆ గుప్పెడూ అక్కడే తూచి గ్రాముల్లో రాయండి. "ఇది కామెర్లకేనా?" అని అడక్కండి, మర్యాదకి ఔననేస్తారు. "దీన్ని దేనికి వాడతారు?" అనండి.

కొండచీపురు:
ఆ నేల ఉసిరి జాతుల్ని ఒకటిగా లెక్కేస్తే, ఒక జబ్బుకి వాడే మొక్కల మీద జనం మాట ఎంత కలుస్తోందో చూపే సూచిక కూడా తప్పుతుంది. ఏకాభిప్రాయ సూచిక: (వాడుక నమోదులు − జాతులు) ÷ (వాడుక నమోదులు − 1). కామెర్లకి 20 నమోదులు, 5 జాతులైతే 0.79. ఆ ఐదులో మూడు నేల ఉసిరులే అనుకుని, వాటిని ఒకటిగా కలిపేస్తే జాతులు 3, సూచిక 0.89. లేని ఏకాభిప్రాయం ఉన్నట్టు కనిపిస్తుంది. నమోదులంటే మనుషుల సంఖ్య కాదు. ఒకరు రెండు మొక్కలు చెబితే రెండు.

ఆరిన నమూనాల్ని కవర్లో మూసి −20 డిగ్రీల ఫ్రీజర్లో వారం ఉంచితే పురుగు చస్తుంది. పాత హెర్బేరియం (ఎండు మొక్కల భాండారం) షీట్లకి విషమైన మెర్క్యురిక్ క్లోరైడ్ పూసి ఉండొచ్చు, గ్లవ్స్ లేకుండా ముట్టుకోకండి. ఒక సెట్టు హైదరాబాద్‌లోని బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా దక్కన్ ప్రాంతీయ కేంద్రాన్ని అడిగి అక్కడ జమచేయండి.

అడవిలోకి అటవీ శాఖ అనుమతి, ఊళ్లోకి గ్రామసభ సమ్మతి ముందే తీసుకోండి. వైద్యుడు బయటపెట్టొద్దన్న తయారీ థీసిస్‌లోకి రాకూడదు, అనుబంధంలోకి కూడా.