వంటగదికి రీసెస్డ్ లైట్లు: ఎన్ని పెట్టించాలి, ఎక్కడ పెట్టించాలి?

ప్రశ్న:
మా వంటగది 4 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు ఉంటుంది. జిప్సం బోర్డుతో ఫాల్స్ సీలింగ్ వేయిస్తున్నాం. అది పూర్తయ్యాక నేల నుంచి 2.4 మీటర్ల ఎత్తు మిగులుతుంది. పొడవాటి గోడ వెంట ఉన్న వంటగట్టు వెడల్పు 60 సెంటీమీటర్లు, దాని పైన ఉన్న అరల లోతు 35 సెంటీమీటర్లు. గోడలకు మీటరు దూరంలో రెండు వరుసలుగా, సీలింగ్‌లోకి అమరి కిందికి వెలుతురునిచ్చే 12 వాట్ల ఎల్ఈడీ డౌన్‌లైట్లు ఆరు పెడితే చాలని ఎలక్ట్రీషియన్ అంటున్నారు. ఆరు చాలా, ఎనిమిది పెట్టించాలా, తెల్లని వెలుతురు మంచిదా, పసుపు వెలుతురు మంచిదా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. బోర్డుకు రంధ్రాలు కోశాక మార్చడం కష్టం కాబట్టి, అనుభవం ఉన్నవారు ముందే సలహా చెప్పగలరని కోరుతున్నాను.

మొదటి సమాధానం:
లైట్ల సంఖ్య కన్నా వాటి చోటు గురించి మీరు ఎక్కువగా ఆలోచించాలి. 12 వాట్ల మంచి ఎల్ఈడీ ఒక్కొక్కటి సుమారు 1,000 ల్యూమెన్లు (లైటు ఇచ్చే మొత్తం వెలుతురుకు కొలత) ఇస్తుంది కనుక ఆరింటికి 6,000 అవుతాయి. చదరపు మీటరుకు ఒక ల్యూమెన్ పడితే దాన్ని ఒక లక్స్ అంటారు. మీ 12 చదరపు మీటర్ల గదిలో గోడలూ అరలూ సగం వెలుతురు పీల్చుకున్నా 250 లక్స్ మిగులుతుంది, గదిలో తిరగడానికి అది ధారాళంగా సరిపోతుంది.

ఇబ్బంది గట్టు దగ్గర వస్తుంది. గోడకు మీటరు దూరంలో ఉన్న లైటు, మీరు గట్టు ముందు నిలబడినప్పుడు మీ తలకు వెనక పడుతుంది కాబట్టి, తల నీడా భుజాల నీడా సరిగ్గా మీరు కూరగాయలు తరిగే పలక మీదే వాలతాయి. కత్తి అంచు ఎక్కడుందో, వేలు ఎక్కడుందో కనిపించాల్సిన చోటే మసకగా ఉంటుంది. అదే దూరంలో ఎనిమిది పెట్టించినా ఆ నీడ తొలగదు. కాబట్టి గట్టు వైపు వరుసను గోడ నుంచి 60 సెంటీమీటర్లకు, అంటే గట్టు అంచుకు నిట్టనిలువుగా పైకి జరిపించండి. అంతకన్నా బాగా దగ్గరికి జరిపితే వెలుతురు అరల తలుపుల మీదే చారలుగా పడి వృథా అవుతుంది.

బీమ్ కోణం, అంటే లైటు నుంచి వెలుతురు ఎంత వెడల్పుగా విచ్చుకుంటుందో కూడా అడిగి కొనండి. మీ సీలింగ్ నుంచి గట్టుకు దాదాపు 1.5 మీటర్లు ఉంటుంది. ఆ దూరంలో 60 డిగ్రీల లైటు సుమారు 1.7 మీటర్ల వలయాన్ని వెలిగిస్తే, 24 డిగ్రీలది 65 సెంటీమీటర్లతో ఆగిపోతుంది. 60 డిగ్రీలవి మీటరుకొకటి చొప్పున పెడితే వలయాలు ఒకదానిలో ఒకటి కలిసి, ఒక లైటు వేసే నీడను పక్క లైటు చెరిపేస్తుంది.

రెండో సమాధానం:
పై సలహా సరైనదే. అయితే అరలు ఉన్న గట్టుకు సీలింగ్ లైటు ఒక్కటే ఎప్పటికీ చాలదని నా అభిప్రాయం, ఎందుకంటే అరల కింద గోడ వైపు భాగం చీకటిగానే ఉండిపోతుంది. అరల కింద, ముందు అంచుకు దగ్గరగా ఎల్ఈడీ స్ట్రిప్ పెట్టించి, దానికి వేరే స్విచ్ ఇవ్వండి. గట్టు రాయి నున్నగా మెరిసేదైతే స్ట్రిప్‌కు పాలవంటి తెల్లని మూత తప్పనిసరి, లేకపోతే ఒక్కొక్క ఎల్ఈడీ చుక్క రాతిలో ప్రతిబింబించి కళ్లలో గుచ్చుకుంటుంది.

మూడో సమాధానం:
రంగు విషయంలో, నేను 4,000 కెల్విన్ల వైపే మొగ్గుతాను (కెల్విన్ల అంకె తగ్గేకొద్దీ వెలుతురు పసుపుగా, పెరిగేకొద్దీ తెల్లగా ఉంటుంది). వంటగది హాలులోకి తెరుచుకుని ఉంటే మాత్రం 3,000 బాగుంటుంది. ఏది ఎంచుకున్నా స్ట్రిప్‌కూ డౌన్‌లైట్లకూ ఒకే అంకె ఉండాలి. దానికన్నా ముఖ్యమైనది సీఆర్ఐ, అంటే ఆ వెలుతురులో కొన్ని రంగులు సగటున ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే అంకె, అది 90కి తగ్గకూడదు. ఆ సగటు లెక్కలో ముదురు ఎరుపు చేరదు కనుక ఆ ఎరుపును కొలిచే ఆర్9 విలువ కూడా విడిగా చూడండి. అది తక్కువైన వెలుతురులో పండు మిగలపండిందో, దోరగా ఉందో కంటికి తెలియదు.

నాకు ఎదురైన ఇబ్బంది కూడా చెప్పాలి. మా ఇంట్లో రెండేళ్లకు ఒక లైటు పాడైంది. అది విడిభాగాలు మార్చడానికి వీల్లేని రకం, పైగా అదే కటౌట్ (లైటు కోసం సీలింగ్‌కు కోసే రంధ్రం) కొలతలో ఆ కంపెనీ తయారీ ఆపేసింది. కొత్తది రంధ్రంలో వదులుగా ఊగింది, వెలుతురు రంగూ మిగిలిన వాటితో కలవలేదు, చివరికి ఆరింటినీ మార్చాల్సి వచ్చింది. అందుకే డ్రైవర్ (ఎల్ఈడీకి తగినట్టు కరెంటు అందించే భాగం) విడిగా ఉండి, కటౌట్ రంధ్రంలోంచి బయటికి తీయగలిగే రకం తీసుకుని, అదనంగా రెండు కొని దాచుకోండి. సీలింగ్ పైన ఇన్సులేషన్ పరిచి ఉంటే, దానికి తగిలినా వేడెక్కని ఐసీ రేటింగ్ ఉన్న లైట్లే వాడాలి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. సీలింగ్ చట్రం ఇంకా తెరిచే ఉంది కనుక, నిన్న రాత్రి ఒక బల్బును తీగతో మీటరు దూరంలో వేలాడదీసి గట్టు ముందు నిలబడితే నా చేతులు రెండూ నీడలోనే ఉన్నాయి. 60 సెంటీమీటర్లకు జరపగానే నీడ గట్టు మీది నుంచి నా కాళ్ల వైపు తప్పుకుంది. గట్టు వైపు నాలుగు, అవతలి వైపు రెండు పెట్టించి, స్ట్రిప్‌కు విడి స్విచ్ వేయమని ఎలక్ట్రీషియన్‌కు చెప్పాను. రంధ్రాలు కోసే ముందు ఆయన చేతే చట్రం మీద పెన్సిల్‌తో గుర్తులు పెట్టిస్తాను.