వాలు నేల, బురద: గుర్రాలకి ట్రాక్ ఎలా వేయాలి?

ప్రశ్న:
బెంగళూరు బయట కనకపుర రోడ్డు వైపు వాలు పొలం, మూడు గుర్రాలు. మధ్యలో గడ్డి వదిలేసి చుట్టూ ట్రాక్ (గుర్రాలు రోజంతా తిరిగే కంచె దారి) వేద్దామనుకుంటున్నాం, కానీ సెప్టెంబరు, అక్టోబరు వానలకి కింది మూలంతా బురదే. మొత్తం కంకర పోయించే స్తోమత లేదు. ఏం చేయమంటారు?

జవాబు 1:
మొత్తం ఎందుకు బ్రదర్? గేటు, నీళ్ల తొట్టి, ఎండుగడ్డి పెట్టే చోటు, గుర్రాలు ఎక్కువ సేపు నిలబడేది అక్కడే. అక్కడ పై మట్టి తీసి, జియోటెక్స్‌టైల్ గుడ్డ (నీళ్లు దిగనిచ్చి మట్టిని, కంకరని కలవనివ్వని సింథటిక్ గుడ్డ) పరిచి, కంకర, దాని మీద క్రషర్ డస్ట్ (రాతి పొడి) వేసి రోలర్ తొక్కించండి, గుడ్డ లేకపోతే కంకర మట్టిలోకి దిగిపోతుంది. పై నుంచి వచ్చే నీళ్లకి ట్రాక్‌ని చేరకముందే, పై వైపున అడ్డంగా కాలువ తవ్వాలి. దారి వాలు వెంబడి తిన్నగా కిందికి వేస్తే వానకి వాగే, ఏటవాలుగా తిప్పండి.

జవాబు 2:
నీళ్లు ఒక చివర, గడ్డి ఇంకో చివర పెట్టండి అన్నా, లేకపోతే ట్రాక్ ఉన్నా గుర్రాలు కదలవు. వెడల్పు 4, 5 మీటర్లు, మూలల్లో ఇంకా ఎక్కువ, ఇరుకైతే పెద్దది చిన్నదాన్ని కంచెకి నొక్కేస్తుంది. ముళ్లతీగ మాత్రం వద్దు!

జవాబు 3:
డెక్కలు రోజూ చూడండి, కుళ్లు వాసన, నల్లటి జిగురు ఉంటే థ్రష్ (డెక్క అడుగు కుళ్లే జబ్బు). వానల తర్వాత లేత గడ్డి మీదకి ఒక్కసారిగా వదలకండి, లావు గుర్రాలకి లామినైటిస్ (డెక్క లోపల వచ్చే నొప్పి, వాపు జబ్బు) టెన్షన్.