మౌస్ అక్కర్లేని చిన్న కీబోర్డులు: వాడినవాళ్ళు చెప్పండి

కీచురాయి:
టేబుల్ ఇరుకు, మౌస్ జరపడానికి చోటు లేదు. పాయింటర్ కూడా కీబోర్డులోనే ఉండే చిన్న బోర్డు కోసం చూస్తున్నాను. బొడిపె (కీల మధ్య ఉండే చిన్న పుల్లలాంటిది, వేలితో తోస్తే పాయింటర్ కదులుతుంది), ట్రాక్‌బాల్ (వేళ్ళతో దొర్లించే బంతి), టచ్‌ప్యాడ్ మూడు రకాలూ కనిపిస్తున్నాయి. రోజంతా వాడేవాళ్ళు ఏమంటారు? ఇవి ఎక్కడ మొదలయ్యాయో కూడా చెబితే సంతోషం.

పాతసామాను:
ల్యాప్‌టాప్‌ల వరకు చూస్తే బంతిదే ముందు జోరు. ఆపిల్ 1989లో తెచ్చిన మాకింతోష్ పోర్టబుల్‌లో ట్రాక్‌బాల్ కీల పక్కన ఉండేది. 1991 పవర్‌బుక్‌లలో కీబోర్డును స్క్రీన్ వైపు జరిపి, బంతిని ముందు మధ్యలో పెట్టారు. అరచేతులు ఆనించుకునే చోటు అలా దొరికింది. 1994లో పవర్‌బుక్ 500 సిరీస్‌తో బంతి పోయి ట్రాక్‌ప్యాడ్ వచ్చింది. ఇప్పటి ల్యాప్‌టాప్‌లన్నీ దాదాపు ఆ నమూనాలోనే ఉన్నాయి.

జీహెచ్‌బీ:
నా ఓటు ఎర్ర బొడిపెకే. టైపింగ్ మధ్యలో చెయ్యి మౌస్ దగ్గరికి వెళ్ళడానికే ముప్పావు సెకను పోతోందని చదివి టెడ్ సెల్కర్ అనే పరిశోధకుడు మొదలుపెట్టిన పని అది. జి, హెచ్, బి కీల మధ్య ఉంటుంది కాబట్టి వేళ్ళు చోటు వదలక్కర్లేదు. ఐబీఎం దాన్ని 1992లో థింక్‌ప్యాడ్ 700సీలో పెట్టింది. ఎరుపును అత్యవసర స్విచ్‌లకే వాడాలని ఆ కంపెనీలో నియమం ఉండేది. డిజైనర్ రిచర్డ్ సాపర్ ఎరుపే కావాలన్నాడు, చివరికి కాగితాల మీద మెజెంటా అని రాసి గట్టెక్కారు 😄

డెస్క్‌టాప్‌కూ అదే బొడిపెతో ఐబీఎం మోడల్ ఎం13 కీబోర్డు వచ్చింది, కానీ అది ఫుల్‌సైజు. నంబర్‌ప్యాడ్ లేని చిన్నది కావాలంటే ఎం4-1 ఉండేది.

నిదానం:
బొడిపె బాగానే ఉంటుంది కానీ నా పాత బోర్డులో పాయింటర్ దానంతటదే మూలకు పాకిపోతుంది. చిరాకు.

జీహెచ్‌బీ:
@నిదానం గారూ, అది డ్రిఫ్ట్. బొడిపె నిజానికి కదలదు, దాని అడుగున ఉన్న స్ట్రెయిన్ గేజ్‌లు (ఒత్తిడిని పట్టే సెన్సర్లు) మీ వేలి ఒత్తిడిని కొలుస్తాయి. ఎంత నొక్కితే అంత వేగం. వేలు లేనప్పటి రీడింగును సున్నా అనుకుంటుంది. ఒకే వైపు అలాగే నొక్కి పట్టుకున్నా, బోర్డు వేడెక్కినా ఆ సున్నా పక్కకు జరుగుతుంది. అప్పుడు ఎదురు తోయకండి, ఇంకా పెరుగుతుంది. చెయ్యి తీసేసి కొద్ది క్షణాలు ఆగితే అదే సర్దుకుంటుంది. సెట్టింగ్స్‌లో వేగం పెంచుకోండి, వేలికి శ్రమ తగ్గుతుంది.

బంతిపువ్వు:
ట్రాక్‌బాల్ వాళ్ళం కూడా ఉన్నాం ఇక్కడ! చెర్రీ జీ84-4400 వాడతాను. డ్రిఫ్ట్ గొడవ లేదు. బంతి కింద రోలర్లకు దుమ్ము చుట్టుకుంటుంది, అప్పుడప్పుడూ తీసి తుడుచుకోవాలి, అంతే.

కీచురాయి:
బొడిపె వైపే మొగ్గుతున్నాను. కొత్తవాటిలో ఏమున్నాయి?

పాతసామాను:
లెనోవో ట్రాక్‌పాయింట్ కీబోర్డ్ 2 (2020), బ్లూటూత్ ఉంది. ట్రాక్‌పాయింట్ అంటే ఆ ఎర్ర బొడిపె పేరే. మెకానికల్ ఇష్టమైతే టెక్స్ షినోబి, లేదా 2023లో వచ్చిన హెచ్‌హెచ్‌కేబీ స్టూడియో. టచ్‌ప్యాడ్ ఉన్న లాజిటెక్ కె400 లాంటివి టీవీ ముందు కూర్చుని వాడుకోవడానికి బాగుంటాయి, రోజంతా టైపింగ్‌కు నేనైతే చెప్పను.

కీచురాయి:
మధ్య బటన్ నొక్కి పట్టి స్క్రోల్ చేయడం లినక్స్‌లో పనిచేస్తుందా?

జీహెచ్‌బీ:
చేస్తుంది. లిబ్‌ఇన్‌పుట్ (లినక్స్‌లో మౌస్, కీబోర్డులను చూసుకునే సాఫ్ట్‌వేర్) దాన్ని ట్రాక్‌పాయింట్‌గా గుర్తిస్తే చాలు, విడిగా ఆన్ చేయక్కర్లేదు.