రోస్ట్రోపోవిచ్ బ్యాటన్ పట్టడం లాభమా, నష్టమా?

మంద్రతీగ:
రష్యన్ సంగీతకారుడు రోస్ట్రోపోవిచ్ చెల్లో (వయొలిన్ జాతికే చెందిన పెద్ద మంద్ర వాద్యం) గురించి ఇక్కడ ఎవరికీ పేచీ లేదనుకుంటా. సోవియట్ స్వరకర్త షోస్తకోవిచ్ మొదటి చెల్లో కన్చెర్టోని (ఆర్కెస్ట్రాతో కలిసి ఒక్కరు ప్రధానంగా వాయించే రచన) నాలుగు రోజుల్లో కంఠతా పట్టి, 1959 అక్టోబరు 4న లెనిన్‌గ్రాడ్‌లో తొలిసారి వినిపించిన మనిషి. నా పేచీ ఆయన బ్యాటన్‌తోనే, అంటే ఆర్కెస్ట్రాను నడిపే కండక్టర్ పుల్లతోనే. 1977 నుంచి 1994 దాకా వాషింగ్టన్ నేషనల్ సింఫనీ ఆర్కెస్ట్రాకి సంగీత దర్శకుడిగా ఉన్నారు. సోలో అలవాటు అక్కడ అడ్డుపడింది. చెల్లో మీద స్వరాన్ని సాగదీయాలంటే కమాను వేగం తగ్గిస్తే చాలు, ఎవర్నీ అడగక్కర్లేదు. ఆర్కెస్ట్రాతో అలా కుదరదు. సాగదీయబోతున్న సంగతి ముందు బీట్‌లోనే చెయ్యి చెప్పేయాలి. లేకపోతే ఎదురుగా ఉన్న వయొలిన్లు ఆగుతాయి, వెనకున్న హార్న్‌లు ముందుకెళ్లిపోతాయి. ఆయన చెయ్యి అంత తేటగా చెప్పేది కాదు.

వెనకబల్ల:
దీన్ని చెల్లిస్టులందరికీ అంటగట్టకండి. ఇటాలియన్ కండక్టర్ టోస్కానినీ 1886లో రియోలో చెల్లో వరసలోంచి లేచి వెళ్లి ‘ఐదా’ ఒపెరా నడిపినప్పుడు వయసు 19. తర్వాత కండక్టర్ అయిన హార్నన్‌కోర్ట్ 1952 నుంచి 1969 దాకా వియన్నా సింఫనీలో చెల్లో వాయించాడు. ఆర్కెస్ట్రా లోపల కూర్చున్నవాడికి రోజూ పక్కవాళ్ల ఊపిరి వింటూ, కండక్టర్ చెయ్యి చూస్తూ ఆ పని ఒంటబడుతుంది. రోస్ట్రోపోవిచ్ ముందు నుంచీ వేదిక మధ్యలో కూర్చున్నవాడు. 1968లో మాస్కో బొల్షోయ్ థియేటర్‌లో ‘యెవ్గేనీ ఒనేగిన్’ ఒపెరా నడిపేనాటికే నలభై దాటాడు.

జంటస్వరం:
చెయ్యి తేటగా లేదనే అనుకుందాం. ఆయనకేం తెలుసో కూడా చూడాలి కదండీ. షోస్తకోవిచ్ దగ్గర చదువుకున్న మనిషి. షోస్తకోవిచ్ ఐదో సింఫనీ ముగింపు తీసుకోండి. ముద్రిత స్కోర్లలో (స్వరలిపి ప్రతుల్లో) వేగం కొన్నిట్లో నిమిషానికి 188 క్వార్టర్ నోట్లు, కొన్నిట్లో 184 ఎయిత్ నోట్లు. ఎయిత్ అంటే క్వార్టర్‌లో సగం నిడివి. దాదాపు రెట్టింపు తేడా. 188 వేగంలో తీగవాద్యాలు పదేపదే వాయించే ‘ఏ’ స్వరం సెకనుకు ఆరుసార్లకు పైగా పడి, గలగలమని కలిసిపోతుంది. ఎయిత్ నోట్ 184 అయితే సెకనుకు మూడే. ఒక్కొక్కటీ సుత్తి దెబ్బలా విడిగా వినిపిస్తుంది. రోస్ట్రోపోవిచ్ పట్టుకున్నది ఆ నెమ్మదినే. అది విజయోత్సవం కాదు, బలవంతపు సంబరం అనే అర్థం ఆ వేగంలోనే పలుకుతుంది.

మంద్రతీగ:
ఇత్తడి వాద్యాల సంగతో? నాలుగు బీట్ల బార్ (ఒక తాళ ఆవర్తం) 188లో 1.3 సెకన్లు, మీ నెమ్మదిలో 2.6. నాలుగు బార్లు గట్టిగా ఊదాలంటే పదిన్నర సెకన్లు. ట్రంపెట్‌కి మధ్యలో ఊపిరి అయిపోతుంది, ముందు శ్రుతి దిగుతుంది, తర్వాత స్వరమే చిట్లుతుంది. పైగా అమెరికన్ కండక్టర్ బెర్న్‌స్టైన్ 1959లో మాస్కోలో ఇదే సింఫనీని వేగంగా ముగిస్తే, సభలో ఉన్న షోస్తకోవిచ్ స్వయంగా వేదికెక్కి అభినందించాడు. శిష్యుడి మాట ఎక్కువా, గురువు మెప్పు ఎక్కువా?

జంటస్వరం:
ఊపిరికి మందుంది. ఒకే వరుస వాయించే ఇద్దరు ఒకేచోట గాలి పీల్చకూడదు. ఒకరు రెండో బార్ మధ్యలో, ఇంకొకరు మూడో బార్‌లో అని పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుంటారు. తిరిగి అందుకునేటప్పుడు నాలుకతో కొట్టకుండా మెత్తగా కలవాలి, అంతే. బెర్న్‌స్టైన్ మెప్పు నిజమే. అయితే విదేశీ అతిథిని నిండు సభలో అభినందించడం మెట్రోనోమ్ అంకెకు, అంటే స్కోరులో రాసే వేగం సంఖ్యకు, సంతకం పెట్టడం కాదు.

ఇంకో సంగతి. షోస్తకోవిచ్ ఒపెరా ‘మ్త్సెన్స్క్ లేడీ మాక్‌బెత్’ మీద 1936లో సోవియట్ పార్టీ పత్రిక ‘ప్రావ్దా’ విరుచుకుపడ్డాక, ఆయన దాన్ని దిద్ది 1960లలో వేరే పేరుతో మళ్లీ రంగం మీదికి తెచ్చాడు. దిద్దకముందు పాఠాన్ని 1978లో లండన్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రాతో, తన భార్య, గాయని విష్నేవ్స్కయా ప్రధాన పాత్రగా రికార్డు చేసింది రోస్ట్రోపోవిచ్. అదే ఏడు సోవియట్ ప్రభుత్వం ఇద్దరి పౌరసత్వమూ పీకేసింది. చెల్లో ఒక్కటే పట్టుకుని కూర్చుంటే ఈ పని జరిగేదా?

వెనకబల్ల:
ఆ ఒపెరా విషయంలో నేను మీ పక్షమే. వాషింగ్టన్ ఏళ్లలో చెల్లో ఏమీ మూలపడలేదు కూడా. బాఖ్ రాసిన ఒంటరి చెల్లో సూట్లు ఆరూ ఫ్రాన్స్‌లోని వెజ్లే చర్చిలో రికార్డు చేసింది 1991లో, ఆ పదవిలో ఉండగానే. ఐదో సింఫనీ వేగం మాత్రం బెర్న్‌స్టైన్‌తో తేలదు. 1937లో దాన్ని తొలిసారి నడిపిన మ్రావిన్‌స్కీ రికార్డింగులు పక్కన పెట్టుకుని, ఆ ‘ఏ’లు సెకనుకు ఎన్ని పడుతున్నాయో లెక్కపెట్టి చెప్పండి.